శెనక్కాయ చేనుకూ సముద్ర పరిశోధనకూ ఏం సంబంధం?

మన పావగడ నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం చానా దూరం. అయినా ముంగారు వానకు తేమ వచ్చేది అక్కడి నుంచే. సముద్రం ఎంత వేడిగా ఉందో తెలియకుండా వర్షాకాలాన్ని అంచనా వేయడం కష్టం.

ఆ వేడిని కొలిచే అంతర్జాతీయ పథకం పేరు ‘ఆర్గో’. దాదాపు మనిషంత ఎత్తున్న, గొట్టంలాంటి యంత్రాన్ని సముద్రంలో వదులుతారు. అది 1000 మీటర్ల లోతులో కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకొకసారి 2000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలిచి, ఆ వివరాలు ఉపగ్రహానికి పంపుతుంది. ఇట్లాంటివి ప్రపంచమంతా సుమారు 4000 ఉన్నాయి.

మరి ఖర్చు ఎవరిది? ఒక్క దేశం మోయగలిగేది కాదు. అందుకే చాలా దేశాలు ఎవరి యంత్రాలకు వాళ్లే డబ్బు పెట్టుకుంటాయి. సమాచారం మాత్రం అందరికీ ఉచితం. మన దేశం తరఫున ఈ పని చూసేది హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘ఇన్‌కాయిస్’. ఇది 1999లో మొదలైంది.

యంత్రంలో బ్యాటరీ కొన్నేళ్లకే అయిపోతుంది. నిధులు ఆగి కొత్తవి వేయకపోతే ఆ చోట సముద్రం లోపల ఏం జరుగుతుందో తెలియదు.

ఈ లెక్కలతో మన చేన్లో ఏ రోజు వాన పడుతుందో చెప్పలేరు. కానీ వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ప్రకటించే వర్షాకాలం అంచనాకు సముద్రం వేడి ముఖ్యమైన ఆధారం. విత్తనానికి అప్పు చేసే ముందు ఆ మాట వినడం మేలు కదా!

పిల్లలూ, హైదరాబాదుకూ సముద్రం లేదు. అయినా సముద్రాన్ని చదివేవాళ్లు అక్కడ ఉన్నారు. లెక్కలు, భౌతికశాస్త్రం బాగా చదివితే మీకూ ఆ దారి ఉంది.