పినియన్ నట్టు: బిగువు, కొలత

ఇంజను ముందు భాగంలో ఉండి వెనుక చక్రాలతో నడిచే వాహనాలలో, శక్తి పొడవాటి ఉక్కు గొట్టం ద్వారా వెనుకకు ప్రయాణిస్తుంది. దీనిని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. వెనుక ఇరుసును చేరిన శక్తి అక్కడ దిశ మార్చుకొని రెండు చక్రాలకూ పంపకం కావాలి. మలుపులో వెలుపలి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం దొర్లుతాయి. కనుక ఆ రెండింటికీ వేర్వేరు వేగాలను అనుమతిస్తూ శక్తిని పంచే అమరిక అవసరం. అదే డిఫరెన్షియల్. అందులోని పెద్ద పళ్లచక్రం క్రౌన్. దానిని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్.

పినియన్ కాడ చివర, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కలిపే రెండు చేతుల ఉక్కుముక్కను యోక్ అంటారు. ఇంగ్లీషులో ఈ మాటకు ఎద్దుల మెడపై వేసే కాడి అని అర్థం. కాడి అనే అర్థమున్న సంస్కృతపు ‘యుగ’ శబ్దమూ, ఇంగ్లీషు యోక్ శబ్దమూ ఒకే మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. రెండింటిని జతకట్టేది ఏదైనా కాడే గదా! ఈ ఉక్కుకాడి చేతులలోని రంధ్రాలు అరిగినా, ఆయిల్ సీలు ఒరుసుకొనే చోట గాడి పడి నూనె కారినా దానిని మార్చవలసి వస్తుంది. పైకి చూస్తే పని స్వల్పం: ఒక నట్టు విప్పడం, పాత యోక్ తీయడం, కొత్తది తొడిగి నట్టు బిగించడం. అయితే ఈ పనిలోని చిక్కంతా చివరి మాటలోనే ఉంది.

పినియన్ కాడను రెండు టేపర్ రోలర్ బేరింగులు మోస్తాయి. శంకువు ఆకారంలో ఎదురెదురుగా అమరిన ఈ బేరింగులను ఒకదానివైపు ఒకటి కొద్దిగా నొక్కి ఉంచాలి. ముందుగా కల్పించే ఆ ఒత్తిడికే ప్రీలోడ్ అని పేరు. అనేక వాహనాలలో ఈ రెండు బేరింగుల నడుమ నలిగే స్వభావం గల పలుచని ఉక్కు గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ ఆ గొట్టం నలిగి పొట్టిదవుతుంది, బేరింగులు దగ్గరవుతాయి. అంటే ఈ నట్టు యోక్‌ను పట్టి ఉంచడంతో పాటు, లోపలి బేరింగుల బిగువును కూడా నిర్ణయిస్తున్నది. నలిగిన గొట్టం మళ్లీ తన పూర్వపు పొడవుకు రాదు.

బిగువు తక్కువైతే పినియన్ ముందుకూ వెనుకకూ కదులుతుంది. పళ్ల కలయిక చెడి, ఊళవంటి ధ్వని మొదలై, క్రమంగా పళ్లు దెబ్బతింటాయి. ఎక్కువైతే బేరింగులు వేడెక్కి, నూనె పొర నిలవక మాడిపోతాయి. పరుగులో పినియన్ బిగుసుకుపోతే వెనుక చక్రాలే ఆగిపోవచ్చు. రహదారిపై దాని పర్యవసానం ఊహించదగినదే.

మరి సరైన బిగువును ఎలా తెలుసుకోవాలి? అమెరికాలో మస్టాంగ్ కారు మొదలైనవాటికి ఫోర్డ్ సంస్థ అమర్చిన 8.8 అంగుళాల ఇరుసు ఇందుకు మంచి ఉదాహరణ. 8.8 అంగుళాలు క్రౌన్ వ్యాసం. ఇందులో నట్టుపై ప్రయోగించవలసిన బలం కనీసం 140 అడుగుల పౌన్లు, అనగా సుమారు 190 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు గల పానా చివర దాదాపు ఇరవై కిలోల బరువు వ్రేలాడదీసినంత బలమది. కాని వాడిన బేరింగులతో పినియన్‌ను తిప్పడానికి కావలసిన బలం 8 నుండి 14 అంగుళాల పౌన్లు మాత్రమే. పది సెంటీమీటర్ల చేయి చివర ఒక కిలో బరువు పెడితే సుమారు తొమ్మిది అంగుళాల పౌన్లు అవుతుంది. నట్టు మీద అంత బలం, కాడ మీద ఇంత బలం! మొదటిది కనీసపు హద్దు మాత్రమే. ప్రీలోడ్‌ను చెప్పేది రెండవ కొలత. నట్టును ఎంత బలంగా బిగించామన్నదానిని బట్టి మాత్రమే పని ముగిసిందనుకోవడం ఇక్కడ జరిగే ప్రధానమైన పొరపాటు.

అందుచేత అసలు పని నట్టు విప్పకముందే ప్రారంభమవుతుంది. వాహనాన్ని స్టాండులపై నిలిపి, వెనుక చక్రాలను, బ్రేకు డ్రమ్ములను తొలగిస్తారు. బ్రేకుల రాపిడి కొలతలో చేరకూడదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, అంగుళాల పౌన్లు చూపే సున్నితమైన టార్క్ రెంచితో పినియన్‌ను నెమ్మదిగా తిప్పుతారు. కదలిక మొదలయ్యే క్షణంలో కనిపించే అంకెను వదిలి, నిలకడగా తిరుగుతున్నప్పటి అంకెను వ్రాసుకోవాలి. ఈ అంకె లేకుండా నట్టు విప్పినవాడు తిరిగివచ్చే దారిని పోగొట్టుకున్నట్లే.

పాత యోక్‌ను సుత్తితో కొట్టక, పుల్లర్‌తో లాగి తీస్తారు. సీలు మార్చి, దాని అంచుకు గ్రీజు పూస్తారు. కొత్త యోక్‌ను కూడా సుత్తితో దిగగొట్టరు. ఆ దెబ్బలు బేరింగులకు తగులుతాయి. నట్టు కూడా కొత్తదే వాడాలి. తనంతట తాను వదులు కాకుండా పట్టుకొనే గుణం పాతదానిలో తగ్గిపోయి ఉంటుంది.

ఇక బిగింపు. యోక్ తిరగకుండా పొడవాటి కడ్డీతో పట్టుకొని, నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ ఆగి, కాడను తిప్పి కొలత చూస్తారు. తిప్పడం వల్ల బేరింగు రోలర్లు తమ స్థానంలో సర్దుకుంటాయి. మొదట చాలాసేపు అంకె మారదు. తరువాత నట్టు కొంచెం జరిగితే చాలు, ఒక్కసారిగా పెరుగుతుంది. ఓపిక నశించేది సరిగ్గా అక్కడే. గాలితో నడిచే గన్నును ఈ చివరి ఘట్టంలో వాడకూడదనడానికి కారణమిదే. పాత అంకెను చేరగానే ఆగాలి. ఆ పాత అంకె నిర్ణీత పరిమితి కన్నా తక్కువగా ఉంటే, పరిమితిలోని కనీసపు అంకె వరకు బిగించాలి. కొత్త సీలు రాపిడిని లెక్కలోకి తీసుకొని, పాత అంకెపై స్వల్పంగా కలపమని చెప్పే తయారీదారులూ ఉన్నారు. కనుక ఆ వాహనపు పుస్తకాన్ని చూడక తప్పదు.

నట్టుకూ కాడకూ గుర్తులు పెట్టి, మళ్లీ ఆ గుర్తుల దాకా బిగించే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అదే నట్టు, అదే యోక్ తిరిగి అమర్చినప్పుడు అది కొంతవరకు చెల్లుతుంది. యోక్‌నే మార్చినప్పుడు దాని మందంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ గుర్తు తప్పుదారి పట్టిస్తుంది.

పరిమితి దాటితే? నట్టును కాస్త వెనుకకు విప్పి సరిచేయవచ్చునని ఎవరికైనా తోస్తుంది. కాడ తేలికగా తిరుగుతుంది, అంకె కూడా సరిపోతుంది. కాని అప్పటికే పొట్టిదైన గొట్టం బేరింగును ఎదురునొక్కి పట్టుకోలేదు. నట్టుకు ఆధారమైన ఒత్తిడి పోయి, వాహనం నడిచేకొద్దీ అది వదులవుతుంది. అటువంటప్పుడు డిఫరెన్షియల్ విప్పి, పినియన్‌ను బయటకు తీసి, కొత్త గొట్టం, కొత్త నట్టు వేసి మొదటినుండి బిగించడమే మార్గం. పావు చుట్టు తొందరకు ఒక పూట పని.