సముద్రం నడుమ కోట ఊరు

ఫ్రాన్సు దేశంలో, నార్మండీ తీరాన, మోన్ సాన్ మిషెల్ అని ఒక రాతి దీవి ఉంది. ఎత్తు సుమారు 80 మీటర్లు. కొన మీద క్రైస్తవ సన్యాసుల మఠం, దాని కింద ఇరుకు సందుల చిన్న ఊరు, అంచున కోటగోడ. పోటు వేళ సముద్రం చుట్టుముడుతుంది. నీరు తీస్తే కనుచూపుమేర ఇసుకే. ఆ నీటిమట్టాల తేడా ఒక్కోసారి 14 మీటర్ల దాకా ఉంటుందిట!

708లో ఒబేర్ అనే బిషప్పు ఇక్కడ చిన్న మందిరం కట్టించాడని మఠం కథ. 966లో బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసులు వచ్చారు. 1023లో పెద్ద చర్చి మొదలుపెట్టారు. శిఖరాన్ని చెక్కి చదును చేస్తే సరిపోయేది కదా అనిపిస్తుంది మనకి. వాళ్లు అలా చెయ్యలేదు. కొన చుట్టూ పల్లంలో రాతి గదులు కట్టుకొచ్చి, వాటి నెత్తిన చర్చిని నిలబెట్టారు. గ్రానైటు రాయంతా షోజే దీవులనుంచి పడవల మీద రావలసిందే.

1204లో ఫ్రాన్సు రాజు పక్షాన వచ్చిన బ్రిటనీ సైన్యం ఊరికి నిప్పు పెడితే మంటలు మఠం దాకా పాకాయి. రాజు ఫిలిప్ ఓగుస్తు నష్టానికి ధనమిచ్చాడు. దానితో 1211 నుంచి 1228 లోపల ఉత్తరం వైపు ఒక మూడంతస్తుల కట్టడం లేచింది. పేరు 'లా మెర్వెయ్', అంటే అద్భుతం.

ఆడవాళ్లం కనక భోజనాలెక్కడా అని ముందు చూస్తాం. అడుగున బీదాబిక్కికి అన్నం పెట్టే సావడి. దాని పైన రాజులకీ దొరలకీ అతిథిశాల, అందులోనే పెద్ద పెద్ద పొయ్యిలు. అన్నిటికన్నా పైన సన్యాసుల భోజనశాల. ఎవరి అంతస్తు వారిదన్నమాట! ఈ పై గదిలో పెద్ద కిటికీలు పెడితే కప్పు బరువుకి గోడ ఆగదు. అందుకని సన్నటి, లోతైన కిటికీలు వరసగా పెట్టారు. గుమ్మంలో నుంచుంటే అవి కనబడవు, వెలుగు మాత్రం గోడలోంచి ఊరినట్టుంటుంది.

నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి ముట్టడించినా ఈ దీవి లొంగలేదు. విచిత్రమేమంటే, గోడలు పటిష్ఠం చేయించిన మఠాధిపతి రోబేర్ జోలివే తానే వెళ్లి శత్రువులతో చేరాడు! 1421లో చర్చి తూర్పు భాగం కూలింది. అయినా లోపలివాళ్లు వాననీరు పట్టుకు తాగుతూ నిలిచారు. 1434లో ఇంగ్లీషువాళ్లు వదిలిపోయిన రెండు పెద్ద ఫిరంగులు ఇప్పటికీ కోటగుమ్మం దగ్గరున్నాయి.

ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం జైలయింది. సరుకులు పైకి లాగే పెద్ద చక్రంలో ఖైదీలే గానుగెద్దుల్లా నడిచేవారు. 1863లో జైలు మూసేశారు.

1879లో తీరంనుంచి కట్ట మీద రోడ్డు వేశారు. రాకపోకలకి బాగానే ఉంది గానీ, నీటి ఒరవడి అడ్డుపడి ఒండ్రు మేట వేసింది, దీవి కాస్తా నేలలో కలిసిపోయేటట్టయింది. అందుకే 2014లో స్తంభాల మీద వంతెన తెరిచి, కట్ట తీసేశారు. పెద్ద పోటు వచ్చిందంటే మళ్లీ చుట్టూ నీళ్లే.