పాఠశాలలయందు పంక్తిభేదము

పాణినీయమున ద్వితీయాధ్యాయ చతుర్థపాదమందలి పదవ సూత్రమును శిష్యులకు జెప్పునపుడెల్ల నాకు సంకోచము గలుగుచుండును. నిరవసితులు కాని శూద్రులను దెలుపు పదములకు ద్వంద్వమున నేకవద్భావము గలుగునని దాని తాత్పర్యము. వడ్రంగియు గమ్మరియు గూడిన తక్షాయస్కారమనునది యేకవచనము. నిరవసితులకా యేకత్వము లేదు. నిరవసితులెవ్వరని పతంజలి విచారించి, తక్కిన పక్షముల ద్రోసివేసి, ఎవరు భుజించిన పాత్ర సంస్కారముచేతను శుద్ధి గాదో వారేయని నిర్ణయించెను. పాత్రకు జెప్పిన యీ మాటను మనవారు పలకకును, బడిగుమ్మమునకును గూడ నతిదేశము చేసిరి.

ఈ వెలిని మాన్పు శాసనము చాల పాతది. 1856లో ధార్వాడమున నొక మహారు బాలునికి సర్కారుబడిలో బ్రవేశము నిరాకరింపబడగా, 1858లో కంపెనీ డైరెక్టరులు ప్రభుత్వధనముతో నడచు బడులు సకలజాతులకును దెరచియుండవలెనని నిర్ణయించిరి. ఆ కాగితము పల్లెలకు జేరుటకు రెండు తరములు చాలలేదు. 1874లో గాకినాడయందును, పిమ్మట మా తునియందును నెలకొనిన కెనడా బాప్టిస్టు మిషనువారు తమ బడులలో నీ పిల్లలను జేర్చుకొనిరి. 1920లో నేర్పడిన చెన్నపురి లేబరుశాఖ పేటలలో వేరుబడులు పెట్టెను. వేరుబడి యక్షరము నిచ్చును గాని పంక్తి నీయదు. 1917లో బెజవాడ సభకు భాగ్యరెడ్డివర్మగారధ్యక్షులై పంచమనామమును నిరాకరించి యాదియాంధ్రనామమును నిలిపిరి. ఐదవ వర్ణము లేదని మనుస్మృతియే చెప్పుచుండగా నీ శబ్దమునకు బ్రమాణమేమో నేనెఱుగను.

ఎవరి నిర్బంధమును లేక తలుపు తెరచినదానికి మా సీమలో నుదాహరణము కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాల. 1905 మొదలు 1919 వఱకు దానికి బ్రిన్సిపాలుగానుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు (1862–1939) బ్రహ్మసమాజీయులు. వారిని గురువుగా నెంచిన మహారాజా సూర్యారావుగారు హరిజన విద్యార్థులకు గాకినాడలో వసతిగృహము నేర్పరచిరి. సూర్యరాయాంధ్రనిఘంటువు నెఱుగని పండితుడు లేడు. ఈ వసతిగృహమును దలచువారు కొందఱే. నాకు నిదియే ప్రధానముగా దోచును. పేద బ్రాహ్మణబాలుడు పట్టణమునకు వచ్చిన వారాలు చేసికొని చదువుకొనెడివాడు: సోమవారమొక యింట, మంగళవారమొక యింట. మాలమాదిగల బాలునికి వారమిచ్చు నిల్లు లేదు, అద్దెకిచ్చు గదియు లేదు. గుమ్మము తెరచినంతమాత్రమున వాడేమి తిని చదువును? పతంజలి చెప్పిన పాత్రయే యిచటను నడ్డుపడినది. మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్నగారు చదివినదియు నీ కళాశాలయందే.

అయితే నిది యొక ప్రభువు ధర్మము. 1950లో రాజ్యాంగము వచ్చినపిమ్మట నది హక్కయ్యెను.

అమెరికాలో 1954లో నత్యున్నత న్యాయస్థానము వర్ణభేదపు బడులను నిషేధించెను. షికాగో చెంతనున్న ఎవన్‌స్టన్ పట్టణము 1967లో దనంతట దానే తన ప్రాథమిక పాఠశాలలను గలిపివేసెను. కాని నల్లవారి పేటలోని పిల్లలే బస్సులెక్కి దూరపు బడులకు బోవలసివచ్చినది.

నేను బనిచేసిన యొక పల్లెలో నూరిబడికిని బేటబడికిని నడుమ మూడువందల యడుగులుండవు. రెంటను గలుపుదమని సభ జరిగినపుడు పేటపిల్లలిచటికి రావచ్చునని పెద్దలు సమ్మతించిరి. ఊరిపిల్లలు పేటకు బోవలెనని యెవ్వరు ననలేదు, నేనును ననలేదు. ఇపుడు సూత్రము చెప్పి, ప్రత్యుదాహరణమువద్ద నాగి, ధార్వాడపు బాలుని కథ చెప్పుచున్నాను.