బల్లి తోక ఊడితే ఏం చేయాలి?

కల్వకుర్తిలో బల్లి కనిపించని ఇల్లు అరుదు. ట్యూబ్‌లైట్ పక్కన పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. తలుపు సందులో ఇరుక్కున్నా, పిల్లి పంజా విసిరినా తోక వదిలేసి పారిపోతుంది. గోడ మీది బల్లికి ఇలా జరిగితే మనం పట్టించుకోం. కానీ నగరాల్లో లెపర్డ్ గెకోను (చిరుత మచ్చలుండే పెంపుడు బల్లిని) డబ్బు పెట్టి కొని పెంచేవాళ్లున్నారు. దాని తోక ఊడితే కంగారుపడతారు. నిజానికి రెండింటిలో జరిగేది ఒకటే.

తోకను వదిలించుకునేది బల్లే. దీన్ని ఆటోటమీ (ప్రాణం దక్కించుకోవడానికి శరీరభాగాన్ని తానే వదిలేయడం) అంటారు. తోకలోని వెన్నుపూసల్లో పుట్టుకతోనే తెగడానికి వీలైన చోట్లు ఉంటాయి. స్టాంపుల షీటులో చిల్లుల వరుస లాంటివి ఇవి. ఆపద ముంచుకొస్తే అక్కడి కండరాలు బిగుసుకుని తోక విడిపోతుంది.

మరి మామూలు కదలికలకు ఎందుకు ఊడదు? న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబి శాస్త్రవేత్తలు 2022లో ‘సైన్స్’ పత్రికలో దీన్ని వివరించారు. తెగే చోట కండరాల చివర పుట్టగొడుగు ఆకారంలో అతిసూక్ష్మమైన స్తంభాలు ఉంటాయి. నేరుగా లాగితే అవి గట్టిగా పట్టుకుంటాయి. కొద్దిగా వంచితే సులువుగా విడిపోతాయి.

తెగిన తోక నేల మీద గిలగిలా కొట్టుకుంటుంది. దాన్ని కదిలించేది తోకలోని వెన్నుపామే, మెదడు కాదు. లెపర్డ్ గెకో తోక ఇలా అరగంట దాకా కదలగలదని 2009లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. శత్రువు దాన్ని చూస్తుండగా బల్లి తప్పించుకుంటుంది. తెగిన చోట రక్తనాళాలు వెంటనే మూసుకుపోతాయి. అందుకే రక్తం పెద్దగా కారదు. కట్టు కట్టాల్సిన పనీ లేదు.

అయితే నష్టం వేరే చోట ఉంది. లెపర్డ్ గెకో కొవ్వును తోకలోనే దాచుకుంటుంది. తిండి దొరకని రోజులకు అదే ఆధారం. తోకతోపాటు ఆ నిల్వ పోతుంది. కొత్త తోక పెంచడానికి మళ్లీ శక్తి కావాలి. కాబట్టి యజమాని చూసుకోవాల్సినవి నాలుగే: శుభ్రత, ప్రశాంతత, వేడి, తిండి.

మొదట బల్లి ఉండే గాజు పెట్టెలోంచి తెగిన తోకను, ఇసుకను, కొబ్బరి పొట్టును తీసేయాలి. అవి గాయానికి అంటుకుంటాయి. అడుగున అచ్చు లేని తెల్ల టిష్యూ కాగితం పరచి, తడిసినా మురికైనా మార్చాలి. పెట్టెలో ఇంకో బల్లి ఉంటే వేరు చేయాలి. గాయం మానేదాకా చేతిలోకి తీసుకోకూడదు. పసుపు, డెట్టాల్, మనుషుల ఆయింట్‌మెంట్లు పూయకూడదు. పలచని చర్మం వాటిని భరించలేదు.

తర్వాత వేడి. ఈ బల్లికి సొంతంగా ఒంటి వేడి పుట్టదు. తిన్నది అరగాలంటే, గాయం మానాలంటే పెట్టెలో ఒక వైపు 31, 32 డిగ్రీలు, మరో వైపు 25 డిగ్రీల దాకా ఉండాలి. విదేశీ పుస్తకాలు వేడి చేసే పలక గురించి చెబుతాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు అసలు సమస్య పెట్టెను చల్లగా ఉంచడం. పెట్టెను కిటికీ ఎండకు, రేకుల గదికి దూరంగా ఉంచాలి. చలికాలం రాత్రుల్లో మాత్రం పలక అవసరం.

ఇక తిండి. బతికున్న కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు (పిండిలో పెరిగే పురుగులు) కాల్షియం పొడి అద్ది పెట్టాలి. మామూలు కంటే కాస్త ఎక్కువే పెట్టవచ్చు. పొలం గట్ల నుంచి పట్టుకొచ్చిన పురుగులు వద్దు. మన చుట్టూ పత్తి చేలు, వాటి మీద పురుగుమందులు. ఆ మందు పురుగు ద్వారా బల్లికి చేరుతుంది.

కొత్త తోక నెల, రెండు నెలల్లో వస్తుంది. అది పొట్టిగా, నున్నగా ఉంటుంది. లోపల ఎముకకు బదులు మృదులాస్థి (ఎముక కంటే మెత్తని కణజాలం) ఉంటుంది. అందులో తెగే గీతలు ఉండవు. రెండోసారి తెగాలంటే ఒంటికి దగ్గరగా మిగిలిన పాత భాగంలోనే తెగాలి. క్రెస్టెడ్ గెకో అనే జాతికైతే తోక మళ్లీ రాదు.

గాయం వాచినా, చీము పట్టినా, నల్లబడుతూ పైకి పాకినా, రక్తం ఆగకపోయినా, వారం దాటినా తిండి ముట్టకపోయినా వైద్యుడు చూడాలి. పశువైద్యులందరికీ బల్లులతో అనుభవం ఉండదు. ముందే ఫోన్ చేసి అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో విచారించవచ్చు. బల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. దానికి విషం లేదు గానీ, సాల్మొనెల్లా (విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా) దాని మలంలో ఉండవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, తోక ఎందుకు ఊడిందో కనుక్కోవడం. పిల్లలు తోక పట్టి ఎత్తారా? పెట్టె మూత కింద నలిగిందా? తోటి బల్లి కరిచిందా? ఆ కారణాన్ని తొలగించకపోతే మిగతా జాగ్రత్తలు ఫలించవు. గోడ మీది బల్లి విషయంలో మీరు చేయాల్సిందేమీ లేదు. దాన్ని పట్టుకోకండి, దాని మానాన వదిలేయండి.