రెండుసార్లు నొక్కవలసిన బటన్

కొండాపూర్‌లోని ఒక బహుళ అంతస్తుల భవనంలో మా పూర్వ విద్యార్థి కాపురముంటున్నాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇటీవల వారింటికి వెళ్ళినప్పుడు మరుగుదొడ్డి గోడపై ఒక చీటీ మా కంటబడింది: 'దయచేసి రెండుసార్లు నొక్కండి.' రెండుసార్లు నొక్కినా చాలక అతని వృద్ధమాత ప్రతిసారీ బకెట్టు మోసుకొచ్చి నీళ్ళు పోస్తారట. తుంపరలు పడ్డాయేమోనన్న సందేహంతో నమాజుకు ముందు మళ్ళీ బట్టలు మార్చుకుంటారట.

ఇది చిన్న విషయం కాదు. మూత్రపు తుంపరల విషయంలో జాగ్రత్త వహించనివాడు సమాధిలో శిక్షకు గురయ్యాడని మహనీయ ముహమ్మద్ (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన (స) ఒక ముద్, అంటే లీటరుకన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారని కూడా ఆ గ్రంథాలే తెలుపుతున్నాయి. పరిశుభ్రత, పొదుపు రెండూ మన బాధ్యతలే.

నేటి ట్యాంకులలో పెద్ద బటన్ నొక్కితే సుమారు 6 లీటర్ల నీరు పోతుంది. ఐదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు నాలుగుసార్లు అదనంగా నొక్కితే 120 లీటర్లు వృథా! ఆ నీరు నూరు వుజూలకు మించి సరిపోతుంది. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ప్రాంతంలో ఇది ఇస్రాఫ్ కాక మరేమిటి?

మదరసా వసతిగృహంలో ఇలాంటి మరమ్మతులు చూసుకోవడం మాకు అలవాటే. ముందుగా ఒక బకెట్టు నీటిని కమోడ్‌లో ఒక్కసారిగా, చిమ్మకుండా పోయించాము. నీరు చక్కగా దిగిపోయింది. అంటే గొట్టంలో అడ్డు లేదు, లోపం ట్యాంకులోనో అంచు రంధ్రాలలోనో ఉన్నదన్నమాట. నీరు పైకి లేచి మెల్లగా దిగితే అడ్డు ఉన్నట్టు. స్నానాలగది నీరు కూడా నిలిచిపోతుంటే భవనపు ప్రధాన గొట్టాన్ని చూపించాలి.

తర్వాత ట్యాంకు మూత తీశాము. లోపల నీళ్ళు నింపిన సీసా ఒకటి ఉంది! నీరు ఆదా అవుతుందని ఎవరో చెబితే పెట్టారట. ఆదా కోసం పెట్టిన సీసాయే రెండింతల ఖర్చుకు కారణమైంది. దానిని తీసివేశాము. ట్యాంకులో నీటిమట్టం పొర్లుగొట్టం అంచుకు సుమారు ఒక అంగుళం కింద ఉండాలి. తక్కువగా ఉంటే ఫ్లోట్‌ను సరిచేయాలి. ట్యాంకు నిండడానికి చాలాసేపు పడుతుంటే యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడాలి.

ఇక కమోడ్ అంచు కింది రంధ్రాలు. మన ప్రాంతం గ్రానైట్ నేల. బోరునీటిలోని లవణాలు తెల్లని పెచ్చులుగా పేరుకొని ఆ రంధ్రాలను మూసివేస్తాయి. నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీటిలో కరిగించి, తడిపిన గుడ్డలను అంచు కింద రాత్రంతా ఉంచి, ఉదయం పాత బ్రష్‌తో రుద్దితే పెచ్చులు వదులుతాయి. యాసిడ్‌ను, నిమ్మ ఉప్పును బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపరాదు. విషవాయువు వెలువడుతుంది.

ట్యాంకు నీటిలో కొద్దిగా రంగు కలిపి, అరగంటసేపు నొక్కకుండా ఉంచండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ అరిగి నీరు కారుతున్నట్టే. మార్పించండి.

మరో జాగ్రత్త. పెద్ద భవనాలలో ఫ్లష్ ట్యాంకుకు శుద్ధిచేసిన మురుగునీరు రావడం సాధారణం. ఫ్లష్‌కు అది చాలు. అయితే ఇస్తింజాకు వాడే జెట్ మంచినీటి గొట్టానికే కలిసి ఉన్నదా అని భవన నిర్వాహకులను అడిగి తెలుసుకోండి.

మీ చేత కానప్పుడు ప్లంబర్‌ను పిలవండి. మర్యాదగా మాట్లాడి, చెమట ఆరకముందే కూలి చెల్లించండి.

ఆ సాయంత్రం మా విద్యార్థి గోడపై చీటీని చింపివేశాడు. మరునాడు ఫోన్ చేసి, అమ్మ బకెట్టు మోయడం మానేశారని చెప్పాడు. తల్లికి చేసే సేవలో ఇదీ ఒక భాగమే. అల్లాహ్ మన ఇళ్ళను పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.