రాత ఒకటి, పలుకు ఒకటి: పెదబయలు కొండల ఊరి పేర్లు

పెదబయలుకు పొరుగున ఉన్న మండలం పేరు తెలుగు పత్రికల్లో ‘ముంచంగిపుట్టు’ అని కనిపిస్తుండగా, ప్రభుత్వ ఇంగ్లీషు పట్టికల్లో అదే పేరు ఎక్కువగా ‘ముంచింగి పుట్టు’ అని చదవవలసిన అక్షరాలతో, రెండు ముక్కలుగా నమోదై ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ మండలాల్లో రాతకూ పలుకుకూ నడుమ ఏర్పడిన ఎడం ఎంతటిదో గ్రహించడానికి ఈ ఒక్క పేరును అక్షరం అక్షరంగా పరిశీలిస్తే చాలు.

ఆ ఇంగ్లీషు రూపంలో ‘యు’ మూడుసార్లు వస్తుంది. తెలుగు చదువరికి ఆ మూడూ హ్రస్వ ఉకారాలే అయినా, ఇంగ్లీషు అలవాటుతో చదివేవారికి మొదటి భాగం ‘మంచ్’ అవుతుంది. పీ, యు, టీ అనే మూడక్షరాలు ‘పుట్’ అయ్యే ఆ భాషలోనే మరొక టీ చేరితే ‘పట్’ అవుతుంది కనుక, దూరప్రాంతపు ఉద్యోగి ఈ పేరును ‘మంచింగి పట్టు’ అని పలికితే ఆ దోషం అతనిది కాదు, అతని చేతికిచ్చిన అక్షరాలది. జంట టీ చూసి ‘ట్ట’ అనుకోవాలో ‘త్త’ అనుకోవాలో తెలిపే గుర్తు కూడా అందులో లేదు. వీటన్నిటికంటే లోతైన మార్పు నడిమి అచ్చులో జరిగింది. దేశ్యపదాల్లో అకారానికి ముందు వచ్చే చకారాన్ని తెలుగువారు సాధారణంగా దంత్యంగా, అంటే నాలుక కొనను పళ్ల వెనుక తాకించి పలుకుతారు. పాత ముద్రణల్లో చ మీద చిన్న రెండంకె వేసి చూపిన అక్షరం అదే. ఇకారానికి ముందు ఆ చకారం తాలవ్యమవుతుంది, అంటే నాలుక పైకి లేచి అంగిలిని తాకుతుంది. అందువల్ల ‘చం’ ఉన్నచోట ‘చిం’ రాసినప్పుడు అచ్చుతోపాటు హల్లు పలుకుబడి కూడా మారే అవకాశం ఉంది. ఒక రూపంతో వెతికితే కంప్యూటర్ రెండో రూపాన్ని వేరే ఊరుగా లెక్కించవచ్చు. భూమి పట్టా మీద ఒక రూపం, కుల ధ్రువపత్రం మీద మరొక రూపం పడితే రెండూ ఒకటేనని నిరూపించుకోవలసిన భారం చివరకు గిరిజనుడి మీదనే పడుతుంది. ఇంతటి మార్పును చిల్లర అక్షరదోషంగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

చరిత్రను క్లుప్తంగా చెప్పాలంటే, 1839 చట్టంతో ఈ కొండలు ఏజెన్సీ పాలన కిందికి వచ్చాయి. తొలి అధికారులు చెవికి వినిపించినదాన్ని ఇంగ్లీషు అలవాటు ప్రకారం రాసుకున్నారు. 1871లో విలియం విల్సన్ హంటర్ భారతీయ నామాల రాతకు ఒక మార్గదర్శిని ప్రచురించాడు. 1907లో ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ వెలువడింది. 1936లో కోరాపుట్ ప్రాంతం ఒడిశాకు, 2022లో పాడేరు ప్రాంతం కొత్త జిల్లాకు చేరాయి. సరిహద్దులు మారినప్పుడల్లా పట్టికలు తిరగరాశారు.

ఆ తిరగరాతల్లో మూడు పద్ధతులు కలగలిసిపోయాయి. మొదటిది చెవిరాత: రంపను పాత దస్త్రాల్లో ఆర్ తరువాత ‘యు’ పెట్టి రాశారు, ఎందుకంటే ఆంగ్లేయుడి చెవికి ఆ స్థానంలో ‘యు’ అకారమే. కడపకు 2005 దాకా కొనసాగిన పాత ఇంగ్లీషు రూపంలోనూ అదే సూత్రం ఉంది. మాడుగుల ‘మాడ్గోల్’ అయినదీ ఈ పద్ధతిలోనే. రెండవది హంటర్ పద్ధతి, అంటే లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక రోమన్ అక్షరాన్ని కేటాయించి, దీర్ఘాచ్చు మీద గీత పెట్టడం. 1907 గెజిటీర్‌లో ఆ గీతలు నిలిచి ఉన్నాయి, ఆ తరువాతి పట్టికల్లో జారిపోయాయి. మూడవది దక్షిణాది వాడుక: అనంతగిరిలోని త కోసం ‘టీ’ పక్కన ‘హెచ్’ చేర్చడం, గూడెం కొత్తవీధిలోని దీర్ఘానికి రెండు ‘ఈ’లు రాయడం అలాంటివి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి నిలకడగా పాటించినా చదువరికి దారి దొరికేది. పాడేరులోని డకారానికీ పెదబయలులోని దకారానికీ ఒకే ‘డి’ రాసి, రూడకోటలోని దీర్ఘాన్ని సూచించకుండా వదిలేస్తే, ఆ ఊరిని ముందే ఎరిగినవారు తప్ప మరెవరూ దాన్ని సరిగా పలకలేరు. తెలుగుతో సహా భారతీయ లిపులకు ఐక్యరాజ్యసమితి సమావేశం 1972లోనే ఒక రోమన్ రాత పద్ధతిని ఆమోదించినా, ఊరి బోర్డుల మీద దాని జాడ కనిపించదు.

ఇక్కడ తెలుగు రాతను కూడా సందేహంతోనే చూడవలసి ఉంది. కోరాపుట్, జోలాపుట్ వంటి పేర్లలో హల్లుతో ముగిసే ‘పుట్’, తెలుగులోకి వచ్చేసరికి మాట చివర అచ్చు కోరే స్వభావం వల్ల ‘పుట్టు’ అవుతుంది. పెదబయలు మండలంలోని అడుగులపుట్టు వంటి పేర్లలోనూ ఆ రూపమే కనిపిస్తుంది. ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడే గూడేల్లో ఊరి పేరు మొదట పుట్టింది పెద్దల నోట. తెలుగు గుమస్తా రాసినది దానికి తొలి అనువాదం, ఇంగ్లీషు గుమస్తా రాసినది అనువాదానికి అనువాదం. తెలుగు బోర్డు సరిగా ఉంటే సమస్య తీరిందనుకోవడం కొండవాసుల పట్ల మైదానపు తొందరపాటే అవుతుంది.

సరిహద్దు అవతల
మాచ్‌ఖండ్ నది మీది జలాశయం పేరు ఇంగ్లీషులో జలాపుట్ అనీ జోలాపుట్ అనీ రెండు విధాలుగా కనిపించడానికి కారణం, ఒడియాలో అకారాన్ని ఒకారానికి దగ్గరగా పలకడమే. లిపి చూసి రాస్తే మొదటిది, విని రాస్తే రెండవది వస్తాయి. కోరాపుట్ జిల్లా జయపురం మాత్రం ‘జేపూర్’ అని చదివించే పాత రాతను నిలుపుకొంది. రాజస్థాన్ రాజధానికీ ఒకప్పుడు ఆ రాతే వాడేవారు. అది తరువాత మారిపోవడంతో పాత రూపమే నేడు రెండు నగరాలనూ వేరుచేసే గుర్తయింది.

పారిస్ దాకా
అరకు పేరులో మూడు అచ్చులూ హ్రస్వాలే. ‘అరకు వ్యాలీ అరబికా’ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు ముందే, 2017లో, అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం వెలిసింది. ఫ్రెంచివారి ‘యు’ పెదవులు గుండ్రంగా చుట్టి ఇకారం పలికినట్టుంటుంది కనుక, ఆ అక్షరంతో తెలుగు ఉకారం ఆ ఊళ్లో పలకదు. ఉత్తరాది యాత్రికులు నడిమి అక్షరాన్ని సాగదీసి ‘అరాకు’ అనడం సర్వసాధారణం.

ఈ పేర్లను సరిచేసే పని రాజధానిలోని నిపుణుల సంఘానికి అప్పగించనక్కరలేదు. ఐదవ షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన కేంద్ర చట్టం, వాడుకలో పెసా చట్టం, ప్రజల ఆచారాలనూ సాంస్కృతిక అస్తిత్వాన్నీ కాపాడే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. ఊరి పేరు ఆ అస్తిత్వంలో భాగమే. గిన్నెలకోట, ఇంజరి, జామిగూడ, గోమంగి మొదలుకొని ప్రతి పంచాయతీ తన పరిధిలోని గూడేల పేర్లను పెద్దలచేత పలికించి, ఆ పలుకును శబ్దంగా భద్రపరచి, దానికి సరిపోయే తెలుగు రూపాన్నీ ఒకే ఒక్క ఇంగ్లీషు రూపాన్నీ తీర్మానించి మండల కార్యాలయానికి పంపాలి. కొత్త బోర్డు రాయించే ముందు అధికారులు ఆ తీర్మానాన్ని అడిగి తీసుకోవాలి.