మన ఆదోని ఒకప్పుడు రాజధాని!



ఈ నెల క్లాసులో రోమన్ల కాలపు లండన్ గురించి చెప్పాను. అప్పట్లో అది బ్రిటన్‌లో రోమన్ల ప్రాంతీయ రాజధాని. సుమారు క్రీ.శ. 410లో రోమ్ పాలన ముగిశాక గోడలు నిలబడే ఉన్నా, లోపలి ఊరు చాలావరకు ఖాళీ అయిపోయింది. వెంటనే ఒక అమ్మాయి లేచి, "మిస్, మన కొండమీది కోట కూడా అంతేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మీకూ చెప్పాలనిపించింది.

విజయనగర రాజుల కాలంలో తుంగభద్రకు దక్షిణాన ఉన్న గట్టి కోటల్లో ఆదోని ఒకటి. తళ్లికోట యుద్ధం జరిగిన మూడేళ్లకు, 1568లో, బీజాపూర్ సుల్తానుల చేతికి వెళ్లింది. వాళ్ల గవర్నర్ సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ మన ఊళ్లో ఉంది. 1688లో ఔరంగజేబు సైన్యం కోటను పట్టుకుని ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చింది. తర్వాత నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఆదోని రాజధానిగా 1782లో చనిపోయేదాకా పాలించాడు. దూరాన ఉన్న గుంటూరు సీమ కూడా ఆయన జాగీరే.

రాజధాని అంటే దర్బారు, సైన్యం, జీతాలు. పల్లెల్లో వసూలైన పన్ను ఇక్కడికి చేరేది. దాంతో బట్టలు, ధాన్యం, గుర్రాల మేత అమ్మేవాళ్లు బతికేవాళ్లు. 1786లో టిప్పు సుల్తాన్ కోటను గెలిచి గోడలు పడగొట్టించాడు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆదోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకాగా మిగిలింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది.

మరి ఊరు ఎందుకు ఖాళీ కాలేదు? మన నల్లరేగడిలో పత్తి పండింది. 1871లో పూర్తయిన మద్రాసు–రాయచూరు రైలు మార్గం ఆదోని మీదుగానే వెళ్లింది. దర్బారు పోయినా పత్తి వ్యాపారం ఊరిని నిలబెట్టింది. పక్కనే ఎమ్మిగనూరును చూడండి. దానికి రాజధాని హోదా లేకపోయినా మగ్గాల వల్ల పేరొచ్చింది. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు.

పిల్లలకు చెప్పాల్సింది ఇదే: పైనుంచి వచ్చిన హోదాను ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు, మనుషులు నేర్చుకున్న పని మాత్రం ఊళ్లోనే ఉంటుంది. కోటను చూసినప్పుడు మిగిలిన రాళ్లతో పాటు, కింద బజారులో మిగిలిన మనుషులనూ చూడమనండి.

ఈ ఆదివారం ఎండ ముదరకముందే, నీళ్ల బాటిల్ తీసుకుని పిల్లలతో కొండెక్కండి. శత్రువు ఎటునుంచి వచ్చి ఉంటాడో, అంతమందికి నీళ్లు ఎలా దొరికాయో వాళ్లనే ఆలోచించనివ్వండి. గోడల మీద పేర్లు రాయొద్దని మాత్రం ముందే చెప్పండి. ఇంట్లో తాతనో అవ్వనో ఉంటే, మనం బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల గురించి అడగమనండి. పిల్లలు విన్నది ఒక పేజీ రాసి తెస్తే క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాను. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే.